ఉప్పుగాలికి లొంగని తొట్టి

ఇనుము పుట్టే ఊళ్ళోనే ఇనుముకి ఆయుష్షు తక్కువ. విశాఖపట్నంలో ఇల్లు కట్టుకున్న ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కొత్త గేటుకి వేసిన రంగు ఆరీ ఆరకముందే కీలు దగ్గర ఎర్రటి చెమట పడుతుంది. కిటికీ ఊచలు రెండు వానాకాలాలు చూసేసరికి పొట్టు రాలుస్తాయి. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి ఎవర్నీ అడక్కుండా ఇంట్లోకొచ్చి, తినాల్సింది తినేసి పోతుంది. అందుకే గాజువాకలో మేడ మీద ఏం పెట్టించాలన్నా మేస్త్రీలు ముందు అడిగేది ఒకటే, "జీఐ వేసేద్దామా?" అని. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. ఆ పూత ఉన్నన్నాళ్ళూ గాలి ఇనుము జోలికి రాదు.

ఈ సంగతి వీర్రాజుకి ఒకరు చెప్పక్కర్లేదు. కోనసీమలో కొబ్బరితోటల మధ్య పుట్టి, మీసాలు సరిగ్గా రాకముందే స్టీలు ప్లాంటు పనికి వచ్చి, ఫాబ్రికేషన్ షాపులో వెల్డరుగా చేరి, ఆ షాపులోనే ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. అతని చేతుల మీదుగా పోయిన ఇనుముకి లెక్క లేదు. కానీ అదంతా ఎక్కడుంది? ఏ షెడ్డు కప్పుకిందో దూలమై ఉంది, ఏ కన్వేయరుకో కాలై ఉంది. "ఇది నేను చేసిందే" అని భార్య కాంతాన్ని తీసుకెళ్ళి చూపిద్దామంటే గేటు దాటనివ్వరు. భర్త పని గురించి ఆవిడకి తెలిసిందల్లా చొక్కాల మీద నిప్పురవ్వలు పొడిచిన చిల్లులే. పెళ్ళైన కొత్తలో ఆ చిల్లులన్నీ ఓపిగ్గా కుట్టేది. తరవాత్తరవాత, "ఇంకెందుకు లెండి, గాలాడుతుంది" అని వదిలేసింది.

రిటైరయ్యాక వీర్రాజుకి ఒకటే కోరిక పట్టుకుంది. తన చేత్తో చేసింది ఒక్కటి తన ఇంట్లో నిలబడాలి. ఊరికే నిలబడితే చాలదు, కాపుకి రావాలి.

ఏం చెయ్యాలో తెలియక చాలాకాలం గింజుకున్నాడు. ఊయల బల్ల చేద్దామనుకున్నాడు, పెట్టడానికి చోటు లేదు. చివరికి దారి చూపించింది భీమిలి వెళ్ళే రోడ్డు పక్కన కొందరు కుర్రాళ్ళు పెట్టిన తోట. పాత స్నేహితుడు పైడయ్య వాళ్ళ చుట్టాలింట్లో శుభకార్యానికని ఇద్దరూ అటు వెళ్ళి, బస్సు రావడం ఆలస్యమై, ఊసుపోక ఆ తోటలోకి తొంగి చూశారు. లోపల కింద తొట్టిలో చేపలు. చేపల మలం కలిసిన నీటిని చిన్న మోటారు పైకి తోడుతోంది. ఆ నీరు అంతస్తు మీద అంతస్తుగా పేర్చిన కాలవల్లో, గులకరాళ్ళ మధ్య నుంచి జారుకుంటూ కిందికి దిగుతోంది. ఆ రాళ్ళలో వేళ్ళు దింపుకున్న పాలకూర, పుదీనా, టమాటా మొక్కలు నీళ్ళలోని సత్తువంతా పీల్చుకుని, తేరిన నీటిని మళ్ళీ చేపలకే వదిలేస్తున్నాయి. పిడికెడు మట్టి లేదు. బస్తా ఎరువు లేదు. రెండు మంచాలు పట్టే చోటులో ఒక మడిచెక్కంత పచ్చదనం నిటారుగా లేచి నిలబడింది.

వీర్రాజు నోరు తెరుచుకుని చూశాడు. తరవాత దగ్గరికెళ్ళి, కాలవని వేలితో తట్టి చూశాడు. డబ్‌మని డొల్ల చప్పుడు.

"అంతా ప్లాస్టిక్కేనా బాబూ?" అని అడిగాడు.

"అవునండీ. తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు."

వీర్రాజు బయటికొచ్చి పైడయ్యతో అన్నాడు. "బుర్ర మంచిదే, బొమ్మలాటలా కట్టారు. ఈ ఎండకి నాలుగేళ్ళు ఆగదది. గట్టిగా ఒక తుఫాను వస్తే కాలవలన్నీ బంగాళాఖాతంలో తేల్తాయి. ఇదే మనం కడితేనా..."

పైడయ్య క్రేను ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. చోడవరం వైపు పల్లెల్లో పొలం వదిలి ప్లాంటు పనికొచ్చినవాడు. పక్కవీధిలోనే ఉంటాడు. ఊరి మాట మాత్రం వదల్లేదు.

"కట్టీ బావా, ఎవులొద్దన్నారు? ప్లాంటంతా నువ్వే కట్టినావు, సేపల తొట్టొకటి ఓ లెక్కేటి?" అన్నాడు.

ఆ మాట చాలు వీర్రాజుకి.

ఆ వేసవంతా మేడ మీద వెల్డింగు మెరుపులే. చుట్టుపక్కల వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పూత లేని నల్ల ఇనుముతోనే మొదట తొట్టి అతికాడు, దాని మీద ఆరంతస్తుల కాలవలు, వాటిని మోసే చట్రం. ప్రతి అతుకునీ వేలితో నిమిరి చూసి, నచ్చకపోతే గ్రైండరు పెట్టి మళ్ళీ మొదలెట్టాడు. అన్నీ అయ్యాక విడదీసి, ఆటోనగర్‌లో కరిగిన జింకులో ముంచే షెడ్డొకటి ఉంటే అక్కడికి పట్టుకెళ్ళి, దగ్గరుండి ముంచించాడు. బయటికి తీసి చల్లార్చేసరికి ఇనుము మీద వెండి పువ్వులు పూసినట్టు జింకు మెరిసింది. ఆ పువ్వుల్ని చూస్తే అతనికి కడుపు నిండిపోయింది. ఇంక ఏ గాలి వస్తుందో రమ్మనండి.

తాళ్ళు కట్టి అన్నీ పైకి చేర్చారు. చుట్టూ ఆకుపచ్చ వల, పైన పాలిథిన్ కప్పు. మట్టం చూసి, బోల్టులు బిగించి, నీళ్ళు పోసి మోటారు వేశాడు. ఆరో అంతస్తు నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ నీళ్ళు గలగలమన్నాయి.

కాంతం పసుపూ కుంకుమా పట్టుకుని పైకొచ్చింది. తొట్టికి నాలుగు వైపులా బొట్లు పెట్టి, పైనుంచి కింది దాకా తలెత్తి చూసింది. "ఇదంతా మీరే చేశారా?" అంది.

అన్నేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరు అడిగినా అంత బాగా వినపడని మాట అది. వీర్రాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చలికాలం వచ్చేసరికి చూడు. ఈ తొట్టిలో చేప నీ చేతి పులుసులో పడుతుంది. అదీ నా మాట."

"పడనీండి, చూద్దాం" అంది కాంతం. గోదావరి ఒడ్డున పెరిగిన మనిషికి చేప గురించి ఎవరి మాటా పట్టదు.

తొలకరితో పాటే గాలి నింపిన పాలిథిన్ సంచుల్లో తిలాపియా పిల్లలు వచ్చాయి. తొట్టిలో వదలగానే గుంపుగా ఒక మూల నుంచి ఇంకో మూలకి దౌడు తీశాయి. వీర్రాజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పైకెళ్ళడం, మేత చల్లడం, ఆ మూతులు పైకొచ్చి మేతనందుకుంటుంటే చూస్తూ కాఫీ చల్లార్చుకోవడం అలవాటైంది. పాలకూర ఏపుగా లేచింది. మొదటి కోత కాంతం పప్పులో వేసింది. "మెత్తగా ఉడికిందండీ" అని ఒప్పుకుంది కూడా.

శ్రావణమాసం మధ్యలో ఒక చేప నీటి పైకొచ్చి గుటకలు వేస్తూ కనబడింది. మర్నాటికి తిరగబడి తేలింది. ఆ తరవాత వరస కట్టాయి. కొన్ని ఒళ్ళంతా జిగట పట్టి, మొప్పలు ఎగరేస్తూ అంచుల వెంట తిరిగి తిరిగి ఆగిపోయాయి. మొక్కలు మాత్రం పచ్చగా నవ్వుతున్నాయి.

వీర్రాజు ముందు నీళ్ళని అనుమానించాడు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని ఎవరో అన్నారు. నీళ్ళన్నీ తోడి పారబోసి, బోరు నీళ్ళు నింపాడు. నింపేముందు తొట్టి లోపలంతా వైరు బ్రష్షుతో శుభ్రంగా తోమాడు. గోడల మీద సున్నంలాంటి తెల్లపొడి పేరుకుని ఉంది. "కుళాయి నీళ్ళ ఉప్పు" అనుకుని దాన్ని అణువణువూ గీకి తీశాడు. కొత్త పిల్లల్ని తెచ్చి వదిలాడు. అవి హాయిగా తిరిగాయి.

"చూశావా? నీళ్ళలోనే ఉంది తేడా" అన్నాడు కాంతంతో.

ఆ ధీమా వినాయక చవితి దాటేదాకే. మళ్ళీ గుటకలు, మళ్ళీ జిగట, మళ్ళీ తేలడం.

ఈసారి గాలిలో వచ్చే నల్లధూళి మీద పడ్డాడు. తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు తిరిగే ఊరు, అనుమానించడంలో తప్పు లేదు. పాలిథిన్ కప్పు రెండు పొరలు చేశాడు, వల సందులన్నీ కుట్టాడు. నీళ్ళు మళ్ళీ మార్చాడు, తొట్టి మళ్ళీ తోమాడు. మళ్ళీ కొన్నాళ్ళు బతికాయి. మళ్ళీ చచ్చాయి. ఆ తరవాత మేత కంపెనీ మార్చాడు. మోటారు మార్చాడు. పిల్లల్ని అమ్మినవాడితో ఫోన్లో పోట్లాడి, "నీ సరుకే రోగిష్టిది" అని తేల్చేశాడు. వాడు, "నా సీడు కొన్నోళ్ళందరి చేపలూ బానే ఉన్నాయండీ, మీ నీళ్ళు చూస్కోండి" అని పెట్టేశాడు.

పైడయ్య రోజూ సాయంత్రం వచ్చి మెట్ల మీద కూచుని, ఒక సలహా, ఒక ఎకసెక్కెం ఇచ్చి పోయేవాడు.

"బావా, గుప్పెడు కల్లుప్పు ఎయ్యి. మా ఊల్లో సెరువుకి అలగే సేస్తారు."

వేశాడు. గుణం లేదు.

"దిష్టి బావా. ఈదంతా నీ టవరు మీదే కళ్ళు. బూడిద గుమ్మడికాయ కట్టీ."

కట్టాడు. ఇంకో వారానికి పైడయ్య తొట్టిలోకి వంగి చూసి, గుమ్మడికాయ వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు. "ఏటి బావా, నువ్వు సేపలు పెంచుతన్నావా, ఆటికి సావిడి కట్టి సమాధి సేస్తన్నావా?"

"నువ్వు కిందికి దిగు ముందు" అన్నాడు వీర్రాజు.

కార్తీకమాసం వచ్చేసరికి అవమానం ఇంకో రూపంలో వచ్చింది. చేపల సంగతెలా ఉన్నా పాలకూర విరగకాసింది. తినేవాళ్ళు ఇద్దరే. కట్టలు కట్టి చుట్టుపక్కల పంచిపెట్టమని కాంతానికిచ్చాడు. ఎదురింటి గౌరీశ్వరి కట్ట తీసుకుని, సాయంత్రానికల్లా తిరిగి పట్టుకొచ్చింది.

"ఏటనుకోకండి బాబాయ్. కార్తీకమాసం కదా, నీసు ముట్టం. సేపలు తిరిగిన నీల్లు తాగిన కూర ఇది. మా అత్త ఒప్పుకోటం నేదు."

"ఆకు చేపెలా అవుతుందమ్మా? పొలంలో పేడ వేసి పండించిన కూర తింటున్నారు కదా, అది పేడేనా?"

"అయ్యన్నీ నాకు తెల్దు బాబాయ్. పేడ ఆవుది. అది ఏరు." కట్ట గుమ్మం మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

వీర్రాజు ఆ కట్టని పట్టుకుని నిలబడిపోయాడు. చేపలున్న నీళ్ళంటూ కూర వద్దంటున్నారు. ఆ నీళ్ళలో చూస్తేనేమో చేపే బతకటం లేదు. ఎవరి మీద అరవాలో అతనికి తెలియలేదు. లోపల్నుంచి కాంతం, "లోపలికి తెండి, పకోడీలేస్తాను" అంది. పకోడీలు అంత చేదుగా అతనెప్పుడూ తినలేదు.

ఆ ఆదివారం కూతురు ఆశాజ్యోతి వచ్చింది. సీతమ్మధారలో కాపురం, అక్కడే ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతుంది. నాన్న టవరు సంగతి ఫోన్లో వింటూనే ఉంది, కళ్ళతో చూడ్డం మాత్రం అదే మొదటిసారి. పైకొచ్చి, తొట్టి చుట్టూ తిరిగి, గోడ మీది తెల్లపొడిని వేలితో గీకి చూసింది.

"నాన్నా, ఇది దేంతో చేశావు?"

"జీఐ. మామూలు పూత కాదమ్మా, పూర్తిగా ముంచి తీయించాను. నేను పోయినా ఇది పోదు."

ఆశాజ్యోతి తొట్టిలోకి వంగి చూసింది. వేలికంటిన పొడిని చీర కొంగుకి తుడుచుకుంది. "నాన్నా, చేపల్ని చంపుతున్నది ఈ జింకే అనుకుంటా" అంది.

వీర్రాజు నవ్వాడు. అది కోపం నవ్వు. "జింకా? మీ అమ్మ నీకు నీళ్ళు పోసింది ఏ బకెట్టుతో? జీఐ బకెట్టు. మనింట్లో కుళాయికొచ్చే గొట్టం ఏంటి? జీఐ. పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్ళే తాగావు. నువ్వేమైనా తేలిపోయావా?"

"మనకి మొప్పలు లేవుగా నాన్నా."

"ఓహో."

"కొత్త నీళ్ళు పోసినప్పుడు బానే ఉంటున్నాయన్నావు కదా? రానురానూ చేపల మలంతో నీళ్ళు పుల్లబడతాయి. పుల్లటి నీళ్ళు జింకుని కరిగిస్తాయి. నువ్వేమో తోమిన ప్రతిసారీ కొత్త జింకుని బయటపెట్టి మళ్ళీ నీళ్ళు పోస్తున్నావు." ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తావా నువ్వు?"

"ఛీ, కిలుం పట్టి విషమవదూ?" అంది కాంతం. అనేశాక భర్త మొహం చూసి, ఆ మాట వెనక్కి తీసుకుందామన్నట్టు, "అయినా అది ఇత్తడి కదే" అంది.

"ఏం చెయ్యమంటావిప్పుడు?" వీర్రాజు గొంతు చిన్నదైంది.

"తొట్టీ కాలవలూ తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టించు నాన్నా. నీళ్ళు తగిలే చోట ఇది ఉండకూడదు."

అంటే టవరంతా. నీళ్ళు తగలని చోటు ఆ టవరులో చట్రం, బోల్టులు తప్ప ఏముంది? వీర్రాజు మోటారు ఆపేశాడు. నీళ్ళ చప్పుడాగిపోయి మేడంతా ఒక్కసారి బోసిపోయింది. "వచ్చినదానివి అన్నం తిని వెళ్ళు. నాకు పాఠం చెప్పక్కర్లేదు" అన్నాడు.

ఆశాజ్యోతి అన్నం తినే వెళ్ళింది. తండ్రీ కూతుళ్ళు కూర బాగుందన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడుకోలేదు.

ఆ మాట నిజమా కాదా అన్నది అతన్ని నిలవనివ్వలేదు. షాపులో ఏ అతుకు మీద అనుమానం వచ్చినా నోటితో తేల్చేవాడు కాదు. ముక్క కోసి, వంచి చూసేవాడు. ఇదీ అంతే అనుకున్నాడు. రెండు డబ్బాలు పట్టుకుని భీమిలి బస్సెక్కాడు. ఆ కుర్రాళ్ళ తోటకెళ్ళి, వాళ్ళ తొట్టిలో నీళ్ళు, నాలుగు చేపపిల్లలు ఇమ్మని అడిగాడు.

"నీళ్ళెందుకండీ?" అన్నారు వాళ్ళు.

ఏం చెప్పాలో తోచక, "పూజకి" అన్నాడు.

చేపలు తిరిగిన నీళ్ళతో ఏం పూజో వాళ్ళకర్థం కాలేదు. పెద్దాయన కదా అని పట్టిచ్చారు. వస్తూ వస్తూ వాళ్ళ ప్లాస్టిక్ కాలవల వైపు చూడకుండా ఉండలేకపోయాడు. మొదటిసారి చూసినప్పుడు ఉన్నట్టే ఉన్నాయి. కింద తొట్టిలో అరచెయ్యంత చేపలు మసులుతున్నాయి.

ఇంటికొచ్చి స్నానాలగదిలోంచి రెండు ప్లాస్టిక్ బకెట్లు పైకి తెచ్చాడు. రెండింట్లోనూ అవే నీళ్ళు, అవే పిల్లలు, సమానంగా. ఒకదాంట్లో మాత్రం తన టవరు కాలవలతో పాటే జింకులో ముంచగా మిగిలిన జీఐ ముక్కని వేశాడు. ముక్క వేస్తున్నప్పుడు, అది నీళ్ళలో కూడా మెరుస్తుంటే, "నువ్వు కాదులే" అన్నాడు దానితో.

కాంతం బకెట్టు కోసం వెతికి వెతికి పైకొచ్చింది. "నేను చెంబుతో పోసుకోవాలా స్నానం? ఏంటండీ ఇది?"

"రెండ్రోజులాగు."

రెండ్రోజులు కాదు, వారం ఆగింది. ముక్క ఉన్న బకెట్టులో చేపలు ముందు మేత మానేశాయి. తరవాత పైకి తేలి గుటకలు వేశాయి. తరవాత అదే జిగట, అవే మొప్పలు. రెండో బకెట్టులోవి మేత కోసం మూతులెత్తుతున్నాయి. వీర్రాజు నమ్మలేదు. బకెట్టులోనే ఏదో ఉండి ఉంటుందని, కడిగి, బకెట్లు తారుమారు చేసి, మళ్ళీ భీమిలి వెళ్ళి నీళ్ళూ పిల్లలూ తెచ్చాడు. ఈసారి పూజ మాటెత్తకముందే వాళ్ళు డబ్బాలు నింపిపెట్టారు. మళ్ళీ ముక్క ఉన్నవైపే చచ్చాయి.

ముక్కని బయటికి తీసి చూశాడు. దాని మీది వెండి పువ్వులు మాసిపోయి, తెల్లగా పొడి పట్టి ఉంది. ఊళ్ళో గాలంతా కలిసొచ్చినా తినలేనిదాన్ని, చేప విసర్జించిన నీళ్ళు నెమ్మదిగా నంజుకు తిన్నాయి. గాలి నుంచి కాపాడుతుందని దగ్గరుండి ముంచించిన పూతే నీళ్ళలోకి దిగి చంపింది. అతను తప్పు అతుకు ఒక్కటీ వెయ్యలేదు. ఒక్క చుక్క కారలేదు. పనిలో లోపం ఉంటే సరిదిద్దుకునేవాడు, అదీ లేదు. అంత చక్కగా చేసిన పని అంత తప్పెలా అయిందో తలుచుకున్నకొద్దీ అతనికి ఒళ్ళు మండింది. ముక్కని గోడకేసి కొట్టాడు. కిందనుంచి కాంతం, "ఏం పడిందండీ?" అంది. "ఏం పడలేదు" అన్నాడు.

కొన్నాళ్ళు పైకి పోలేదు. తరవాత ఒకరోజు స్పానర్లు పట్టుకుని ఎక్కాడు. బిగించేటప్పుడు ఎవరూ విప్పకూడదని బిగించిన బోల్టులు, అతని మాట కూడా వినలేదు. ఒక్కోదానికి నూనె పోసి, తిట్టి, మోకాలు ఆనించి తిప్పితే గానీ రాలేదు. పైడయ్య సాయమొచ్చాడు. తొట్టి విడిగా వచ్చాక దాని చుట్టూ తిరిగి, "బావా, పారీకు. నాకియ్యి, వడ్లు పోసుకుంతాను. ఎలక్కూడా కొరకనేదు దీన్ని" అన్నాడు.

"వడ్లు పోసుకోడానికి కాదు నేను చేసింది" అన్నాడు వీర్రాజు. దాన్ని మేడ మీదే ఓ మూల బోర్లించాడు.

నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు, తెల్ల పీవీసీ గొట్టాలు ఆటోలో వచ్చాయి. రంపంతో కోస్తే గొట్టం జున్నుముక్కలా తెగింది. అతుకు పెట్టడానికి నిప్పు అక్కర్లేదు, మంట అక్కర్లేదు, కళ్ళద్దాలక్కర్లేదు. వేలితో జిగురు రాసి నొక్కితే అయిపోయింది. ఇంత సులువైన పనికి తన చేతులెందుకు అనిపించింది అతనికి. ఎవరి చేతులైనా సరిపోతాయి. అనుకున్నట్టే కొన్ని గొట్టాలు కాంతమే అతికింది. "ఇంతేనా?" అని కూడా అంది. ఆ 'ఇంతేనా' అతన్ని చాలా రోజులు గుచ్చింది.

చేపలు బతికాయి. నీళ్ళు పుల్లబడ్డా, ధూళి పడ్డా, మేత ఒక పూట ఆలస్యమైనా బతికాయి. వీర్రాజుకి పొద్దున్నే కాఫీ గ్లాసుతో పైకెళ్ళాలనిపించడం లేదు. మేత వేసే పని ఎప్పుడు కాంతం చేతికి మారిందో ఇద్దరూ గమనించలేదు. బోర్లించిన తొట్టి అడుగు ఎండకి పెనంలా కాలుతుంటే, ఆవిడ దాని మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టింది. ఒక్క ఎండకే గలగల్లాడాయి. "మీ తొట్టి భలే పనికొచ్చిందండీ" అంది నిజంగా మెచ్చుకుంటూ. అతను ఆ వడియాలు తినలేదు.

ఆషాఢంలో ఒక ఆదివారం, డ్రమ్ములో చేపలు మూరెడు కాకపోయినా జానెడు దాటాక, కాంతమే వల వేసి రెండు పట్టింది. మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. ఆశాజ్యోతి వచ్చింది. పైడయ్యని పిలిచారు, పిలవకపోయినా వచ్చేవాడే.

పైడయ్య మొదటి ముద్దకే తల ఊపాడు. "బావా, సేపంటే ఇదీ! సంతలో ఐసులో పెట్టిన సేపకీ దీనికీ సంబంధం నేదు. సాధించేసినావు బావా."

"నేనేం సాధించాను? అది ప్లాస్టిక్కు చేప" అన్నాడు వీర్రాజు, ముల్లు తీసుకుంటూ.

"ఏటది?"

"నాదైతే చచ్చేదిగా. బతికిందంటే నాది కాదు."

ఆశాజ్యోతి తల దించుకుని తింటోంది. ఏదైనా అంటే పాఠమవుతుందని ఊరుకుంది. కాంతం గరిట గిన్నెలో పెట్టేసింది.

"చచ్చినన్నాళ్ళూ నా తప్పు కాదన్నారు. నీళ్ళన్నారు, ధూళన్నారు, ఆ సీడబ్బాయిని తిట్టిపోశారు. ఇప్పుడు బతికితే ఇదీ మీది కాదంటారు. మరి ఏడాది పాటు మేడ మీద మీరు చేసిందేంటండీ? నా బకెట్లు పట్టుకెళ్ళి కూచున్నది ఎవరు?"

"వంద తప్పులు చేసి ఒకటి తెలుసుకున్నా. అదీ నేను చేసింది."

"అదే చాలు. తినండి."

"ఏం చాలు? ఆ డ్రమ్ములు చూశావా, ఎండకి అప్పుడే రంగు దిగుతున్నాయి. మూడేళ్ళకి పగులుతాయి. నా తొట్టి మూడు తరాలుండేది."

"చేపల్లేకుండా" అంది కాంతం.

పైడయ్య పొలమారి దగ్గాడు. నవ్వుకో, ముల్లుకో తెలియలేదు. ఆశాజ్యోతి నీళ్ళగ్లాసు అతని ముందుకి జరిపింది.

వీర్రాజు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. పులుసు నిజంగానే బాగుంది, అదే అతనికి కష్టంగా ఉంది. బాగోకపోతే ఎంత హాయిగా ఉండేదో. పళ్ళెంలో మిగిలిన వెన్నుముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి దాన్నీ చప్పరించి, పళ్ళెం కాంతం వైపు తోశాడు.

"తోక ముక్కుంటే వెయ్యి" అన్నాడు విసుగ్గా.